మామిడి తోపులో ఏనుగులు దిగాయి, కరెంటు తీగ పెట్టమంటున్నారు. ఏం చేయాలి?

కౌండిన్య_మిట్ట | నవంబరు 8, రాత్రి 9:15

అందరికీ నమస్కారం. మాది పలమనేరు దగ్గర అడవికి ఆనుకున్న పల్లె. నేను బెంగళూరులో పని చేస్తాను, నెలకు రెండుసార్లు ఇంటికి వస్తాను. సేద్యమంతా మా నాయనే చూసుకుంటాడు.

మొన్న రాత్రి మా పొలంలోకి ఏనుగులు దిగాయి. నాలుగేళ్లుగా నీళ్లు మోసి పెంచిన తోతాపురి చెట్లు ముప్పై రెండు ఉంటే పద్దెనిమిది విరిచేశాయి. డ్రిప్పు పైపులు నలిగిపోయాయి. పక్కనే ముప్పావు ఎకరా రాగి చేను ఉంది. కంకి గట్టిపడింది, ఇంకో పది రోజుల్లో కోత. సగం తిన్నాయి, సగం తొక్కాయి.

నేను తెల్లవారి వెళ్లేసరికి నాయన గట్టు మీద గొంతుకూర్చుని అడుగుల గుర్తులు లెక్కపెడుతున్నాడు. "పెద్దవి ఆరు, గున్న ఒకటి" అన్నాడు. గున్న అడుగు మేం అన్నం తినే పళ్లెం అంత కూడా లేదు. అంత నష్టం చూసి వచ్చిన కోపం, ఆ చిన్న అడుగు చూశాక ఎటు పోయిందో నాకే తెలియదు.

పక్క పొలం ఆయన మాకు వరసకు చిన్నాన్న. ఆయన చెరకు కూడా పోయింది. "పందులకు పెట్టినట్టే పై లైనుకు కొక్కెం తగిలించి తీగ లాగుదాం, ఒక్క రాత్రితో పీడ వదిలిపోతుంది" అంటున్నాడు. తీగ చుట్ట కూడా తెచ్చి పెట్టుకున్నాడు. మా నాయన మాత్రం "ఆ తీగ కడితే నేను ఈ ఇంట్లో ముద్ద ముట్టను" అని తేల్చి చెప్పాడు. 1980ల మొదట్లో ఈ వైపు ఏనుగులు కొత్తగా వచ్చినప్పుడు ఆయన కుర్రవాడు. ఊరంతా వాటి అడుగుల దగ్గర పసుపు కుంకుమ వేసి కర్పూరం వెలిగించారట. ఇప్పుడు అదే ఊరు తీగ గురించి మాట్లాడుతోంది.

నేను మళ్లీ బెంగళూరు వెళ్లాలి. రాత్రి కాపలాకు నాయన ఒక్కడే పోతాడని టెన్షన్‌గా ఉంది. ఇలాంటి జంతువులున్న చోట బతికేవాళ్లు ఎవరైనా ఉంటే మీ దగ్గర ఏం చేశారో చెప్పండి.

---

లైన్‌మన్_కొడుకు | నవంబరు 8, రాత్రి 9:52

తమ్ముడూ, ముందు ఆ తీగ సంగతి. ఈ రాత్రే మీ చిన్నాన్న దగ్గర కూర్చుని మాట్లాడు.

మా నాన్న ముప్పై ఏళ్లు లైన్‌మన్‌గా చేశారు. అడవి పందుల కోసం కట్టిన తీగల మీద నుంచి ఆయన దించిన శవాల్లో పందుల కంటే మనుషులవే ఆయనకు గుర్తుండిపోయాయి. ఒకసారి తీగ కట్టిన రైతు సొంత తోడల్లుడు, పొద్దున్నే మోటారు వేయడానికి వెళుతూ తగిలించుకున్నాడు. ఆ ఇంట్లో ఆడవాళ్ల ఏడుపు గురించి మా నాన్న ఇప్పటికీ మాట్లాడలేరు.

చాలామంది సోలార్ కంచె, ఈ దొంగ తీగ ఒకటే అనుకుంటారు. సోలార్ కంచెలో బ్యాటరీ నుంచి కరెంటు దెబ్బలు దెబ్బలుగా వస్తుంది. వోల్టేజీ ఎక్కువే, కానీ ఒక్కో దెబ్బ రెప్పపాటు కూడా ఉండదు. ఏనుగు ఉలిక్కిపడి వెనక్కి పోతుంది, మనిషికి చెయ్యి ఝుమ్మంటుంది. లైను కరెంటు అలా కాదు, పట్టుకుంటే వదలదు. తేమ నేల మీద నిలబడ్డ జంతువు గాని, మనిషి గాని బయటపడడం కష్టం.

చట్టం కూడా తెలుసుకో. ఏనుగు 1972 వన్యప్రాణి రక్షణ చట్టంలో మొదటి షెడ్యూల్‌లో ఉంది. చంపితే మూడేళ్లకు తక్కువ కాకుండా ఏడేళ్ల దాకా జైలు. చెరకు పోయిన రైతు జైలుకు కూడా పోతే ఆ ఇల్లు ఏమవుతుంది?

---

నాగావళి | నవంబరు 8, రాత్రి 10:30

మాది పార్వతీపురం మన్యం జిల్లా, కొమరాడ వైపు. మా దగ్గరకు ఒడిశా నుంచి వచ్చిన గుంపు 2018 నుంచి ఇక్కడే తిరుగుతోంది. అంతకు ముందు 2007లో శ్రీకాకుళం వైపు వచ్చినప్పుడు నేను బడిలో ఉన్నాను, చూడ్డానికి ట్రాక్టర్లెక్కి వెళ్లారు. తర్వాత తెలిసింది అది చూసే విషయం కాదని.

2023 మే నెలలో భామిని మండలంలో నాలుగు ఏనుగులు కరెంటు షాక్‌తో ఒకేసారి చనిపోయాయి. మర్నాడు పొద్దున మా అత్త టీవీలో చూసి వంట ఆపేసింది. అదే అత్త అరటి తోట అంతకు ముందు సంవత్సరం ఏనుగులు తొక్కేశాయి, నష్టం తట్టుకోలేక పుస్తెలు తాకట్టు పెట్టింది. ఆమె ఏడ్చిందంటే బయటివాళ్లకు అర్థం కాకపోవచ్చు. మాకు అర్థమవుతుంది. వాటి మీద కోపం ఉంది, కానీ వాటిని అలా చూడాలని ఎవరం కోరుకోలేదు.

మా దగ్గర పనికొచ్చింది ట్రాకర్లు. అటవీ శాఖ స్థానిక కుర్రాళ్లనే పెట్టుకుంది. వాళ్లు పగలంతా గుంపు వెనకే ఉండి, సాయంత్రం నాలుగు ఐదు గంటలకు "ఫలానా ఊరి చెరువు వెనక ఉన్నాయి, ఈ రాత్రి ఏరు దాటొచ్చు" అని ఫోన్లు చేస్తారు. ఆ ఫోన్ వచ్చిన రాత్రి ఎవరూ కల్లానికి పోరు. ధాన్యం పోతే పోయింది. ఒక మనిషి మిగిలాడు కదా అని మా ఊళ్లో ఇప్పుడు అనడం నేర్చుకున్నారు. నేర్చుకోవడానికి మాత్రం కొన్ని ప్రాణాలు పోయాయి.

---

రైతు_మొదట | నవంబరు 9, ఉదయం 7:05

అందరూ మంచిగానే చెబుతున్నారు. కానీ నా ప్రశ్నకు ఎవరైనా సూటిగా జవాబివ్వండి. ఈ ఏనుగులు మన జిల్లావి కావు, పక్క రాష్ట్రాల నుంచి వచ్చినవి. పట్టుకుని తీసుకెళ్లి పెద్ద అడవిలో వదిలేస్తే ఏం పోతుంది? కుంకీలను, అంటే అడవి ఏనుగులను తోలడానికి శిక్షణ ఇచ్చిన ఏనుగులను, కూడా తెచ్చారు కదా. పంట పెట్టుబడికి అప్పు తెచ్చేది రైతు, రాత్రి మేలుకునేది రైతు, చచ్చేది రైతు. జంతువును కాపాడమని చెప్పేవాళ్లలో ఒక్కరైనా మంచె మీద ఒక రాత్రి పడుకున్నారా? కోపంతో అడగడం లేదు. మా మేనమామను ఏనుగు తొక్కింది, అందుకే అడుగుతున్నాను.

---

పశువుల_డాక్టరు | నవంబరు 9, ఉదయం 11:40

రైతు_మొదట గారూ, మీ మేనమామ గారి సంగతి చదివి బాధ కలిగింది. మీ ప్రశ్న న్యాయమైనది, అందుకే కొంచెం పెద్దగా రాస్తున్నాను. నేను ఇటువైపు పశువైద్యుడిగా చాలా ఏళ్లు పని చేశాను.

ఇవి ఎలా వచ్చాయో ముందు చూడండి. హోసూరు, బన్నేరుఘట్ట వైపు అడవులు ముక్కలవుతూ, కరువులు వస్తూ ఉన్న రోజుల్లో, అంటే 1980ల మొదట్లో, కొన్ని గుంపులు కుప్పం మీదుగా ఇటు దిగాయి. అంతకు ముందు చాలా తరాల పాటు ఈ ప్రాంతంలో ఏనుగు లేదు. అందుకే మన రైతుకు వాటితో ఎలా ఉండాలో తాత చెప్పిన విద్య ఏదీ లేదు. 1990లో కౌండిన్య అభయారణ్యం ప్రకటించారు. దాని విస్తీర్ణం సుమారు 358 చదరపు కిలోమీటర్లు. వినడానికి పెద్దదే. కానీ పొడుగ్గా, సన్నగా, చుట్టూ ఊళ్లతో ఉంటుంది. ఒక పెద్ద ఏనుగుకు రోజుకు 150 కిలోల దాకా మేత, వంద లీటర్లకు పైగా నీళ్లు కావాలి. ఎండకు మాడిన తుప్ప అడవికి అవతల చెరకు, రాగి, అరటి కనిపిస్తుంటే అది ఎటు పోతుంది?

పట్టుకుని వేరే చోట వదలడం గురించి. శ్రీలంకలో ఇలా తరలించిన మగ ఏనుగులకు జీపీఎస్ కాలర్లు కట్టి చూశారు. కొన్ని ఎంతో దూరం నడిచి సొంత చోటికి వచ్చేశాయి, కొన్ని వదిలిన కొత్త చోట ఊళ్ల మీద పడ్డాయి. మనుషులు, ఏనుగులు, రెండు వైపులా చావులు పెరిగాయే గాని తగ్గలేదు. ఏనుగు మనసులో ఒక పటం ఉంటుంది. నీళ్లెక్కడ, దారెక్కడ అని గుంపును నడిపే ముసలి ఆడ ఏనుగుకు తెలుసు. దాన్ని లారీ ఎక్కించినా ఆ పటం చెరిగిపోదు.

కుంకీల వల్ల ఉపయోగం ఉంది. రామకుప్పం మండలం ననియాలలో జయంత్, వినాయక్ అనే రెండు ముందు నుంచీ ఉండేవి. 2025 మే 21న కర్ణాటక ఇచ్చిన నాలుగు పలమనేరు దగ్గర ముసలమడుగు శిబిరానికి వచ్చాయి. మొండికేసి ఊరి పక్కనే ఉండిపోయిన ఒంటరి మగ ఏనుగును అడవిలోకి తోలడానికి అవి పనికొస్తాయి. కానీ ప్రతి రాత్రీ ప్రతి ఊరికీ కుంకీ రాదు. అది వచ్చేలోపు ఉండేది మీరూ, మీ పక్క పొలం వాళ్లే.

ఇంకొక్క మాట. ఇక్కడ చావు రెండు వైపులా ఉంది. 2023 జూన్‌లో పలమనేరు దగ్గర హైవే మీద బండి గుద్ది ఒకే రాత్రి మూడు ఏనుగులు చనిపోయాయి. నేను ఆ దారిలో ఎన్నిసార్లు రాత్రిపూట వేగంగా వెళ్లానో అప్పుడు గుర్తొచ్చింది. ఇప్పుడు అక్కడ నలభైకి మించి వెళ్లను.

---

వాల్పారై_టీతోట | నవంబరు 9, మధ్యాహ్నం 2:20

కౌండిన్య_మిట్ట తమ్ముడూ, మాది మదనపల్లె. పదకొండేళ్లుగా తమిళనాడు వాల్పారైలో ఒక టీ ఎస్టేట్ ఆఫీసులో పని చేస్తున్నాను. నువ్వడిగింది నా రోజువారీ బతుకు కాబట్టి వివరంగా చెబుతాను.

వాల్పారై అంటే సుమారు 220 చదరపు కిలోమీటర్ల పీఠభూమి. అంతా టీ, కాఫీ తోటలు, మధ్యమధ్యలో చిన్న చిన్న అడవి ముక్కలు, చుట్టూ ఆనమలై పులుల అభయారణ్యం. ఏనుగులు ఈ తోటల గుండానే అటూ ఇటూ పోతుంటాయి. ఆపడం కుదరని పని. ఒకప్పుడు ఏడాదికి ఇద్దరు ముగ్గురు కూలీలు ఏనుగుల వల్ల చనిపోయేవారు. నేచర్ కన్జర్వేషన్ ఫౌండేషన్ అనే సంస్థ వాళ్లు ఇక్కడే ఏళ్లపాటు ఉండి, ఒక్కో మరణం ఎలా జరిగిందో ఇంటింటికీ వెళ్లి అడిగారు. దాదాపు అన్నిట్లోనూ తేలింది ఒకటే, ఏనుగు దగ్గర్లో ఉందన్న సంగతి పోయిన మనిషికి తెలియదు. సాయంత్రం బస్సు దిగి కూలీల లైను ఇళ్లకు నడుస్తుంటే మలుపులో ఎదురుపడింది. అంతే.

అందుకని వాళ్లు ఏనుగును ఆపే పని వదిలి, మనిషికి కబురు చేరవేసే పని పెట్టుకున్నారు. మొదట లోకల్ కేబుల్ టీవీలో కింద స్క్రోలింగ్ వేశారు. ఆడవాళ్లు సాయంత్రం సీరియల్ చూస్తూ "ఫలానా ఎస్టేట్‌లో ఏనుగులున్నాయి" అని చదివేవాళ్లు. 2011 నుంచి ఫోన్లకు మెసేజ్‌లు. అందరికీ అన్నీ పంపరు, ఏనుగులున్న చోటికి దగ్గర్లో ఉండే ఇళ్లకే. అందుకే జనం ఆ మెసేజ్‌ని నమ్ముతారు. ఆ తర్వాత ఎత్తైన చోట్ల, దూరం నుంచి కనిపించేలా ఎర్ర లైట్లు పెట్టారు. సిమ్ కార్డుతో పని చేస్తాయి. ఏనుగులు చుట్టుపక్కలకు వస్తే మిస్డ్ కాల్‌తో లైటు వెలిగిస్తారు, పోయాక ఆర్పుతారు.

ఆ కాల్ చేసేది సంస్థ వాళ్లో, ఫారెస్టు వాళ్లో మాత్రమే కాదు, మాలాంటి ఎస్టేట్ జనమే. మా డివిజన్‌లో ఆ పని వాచ్‌మన్ పెరియవర్‌ది, అరవై దాటాయి. వాన పడుతున్నా టార్చి పట్టుకుని వెళ్లి చూసి వస్తాడు. "ఈ లైటు వెలగక ఎవరైనా పోతే నేను నిద్రపోగలనా?" అంటాడు. ఇదంతా మొదలయ్యాక ఎవరూ పోని ఏళ్లు కూడా వచ్చాయి. ఈ పనికి 2013లో, వన్యప్రాణి సంరక్షణకు ఇచ్చే విట్లీ అవార్డు వచ్చింది.

మీ ఊరికి లైట్లు తర్వాత చూద్దాం. ముందు కబురు మొదలుపెట్టండి. డబ్బు అక్కర్లేదు.

---

కౌండిన్య_మిట్ట | నవంబరు 9, రాత్రి 8:10

డాక్టర్ గారూ, అన్నా, చదువుతుంటే ఏదో దారి కనిపిస్తోంది. మా ఊరికి వాట్సాప్ గ్రూపు ఉంది గాని అందులో ఎక్కడివో ఏనుగుల వీడియోలు వస్తాయి, రెండేళ్ల కిందటివి కూడా. నిజమైన కబురు వచ్చినా ఎవరూ నమ్మడం లేదు. నాయనకు చిన్న ఫోనే ఉంది.

రైతు_మొదట అన్నా, మీ మాట మా చిన్నాన్న మాటలాగే ఉంది. అందుకే మీరు ఇక్కడ ఉండటం నాకు కావాలి.

---

నల్లమల_దారి | నవంబరు 10, సాయంత్రం 6:45

ఏనుగుల గురించి నాకు తెలియదు, మా దగ్గర పెద్దపులి. ఆత్మకూరు దగ్గర బడిలో టీచర్‌ని. మా పిల్లల్లో కొందరు చెంచు గూడేల నుంచి వస్తారు.

2023 మార్చిలో నంద్యాల జిల్లా పెద్ద గుమ్మడాపురం దగ్గర నాలుగు పులి కూనలు ఊరి పక్కన దొరికిన సంగతి మీకు గుర్తుండే ఉంటుంది. తల్లి ఎక్కడో దగ్గర్లోనే ఉందని అందరికీ తెలుసు, తల్లి పులి కోపం ఎలాంటిదో కూడా తెలుసు. అయినా ఊరివాళ్లు పరుగెత్తి పారిపోలేదు, రాళ్లూ వేయలేదు. కుక్కలు పీకుతాయని కూనలను ఒక గదిలో పెట్టి ఫారెస్టు వాళ్లకు కబురు చేశారు. తల్లితో కలపాలని రోజుల తరబడి ప్రయత్నించారు గాని కుదరలేదు, చివరికి తిరుపతి జూకు పంపారు. నా తరగతిలో పిల్లలు రోజూ "సార్, తల్లి దొరికిందా?" అని అడిగేవారు. లేదని చెప్పడం ఎంత కష్టమైందో.

అడవిలో గస్తీ తిరిగే బేస్ క్యాంపుల్లో చాలామంది చెంచులే. ఎండుటాకు మీద అడుగు పడిందా, కోతి ఎందుకు అరిచింది, జింక ఎటు చూస్తోంది, ఇవన్నీ వాళ్లకు అక్షరాలు. ఒక పిల్లాడి తాతను "పులి ఎదురైతే భయం వేయదా?" అని అడిగాను. "అది మమ్మల్ని చూసి పక్కకు పోతది, మేం దాన్ని చూసి పక్కకు పోతం. దాని తిండి వేళ మాకు తెలుసు" అన్నాడు. 2022 లెక్కల్లో ఆంధ్రప్రదేశ్‌లో 63, తెలంగాణలో 21 పులులు వచ్చాయంటే దానివెనక ఈ మనుషుల నడక ఉంది. జీతాలు మాత్రం ఆ నడకకు తగినట్టు లేవు, ఇది రాయకపోతే నాకు మనసొప్పదు.

మీ ఊళ్లో కూడా అడవి తెలిసిన ముసలివాళ్లు, గొర్రెలు కాసేవాళ్లు ఉంటారు. ముందు వాళ్లను అడగండి. ఏనుగు ఏ వంకలో దిగి ఏ గట్టు ఎక్కుతుందో ఏ యాప్ కంటే వాళ్లకే బాగా తెలుసు.

---

ఉద్దానం_జీడి | నవంబరు 10, రాత్రి 9:30

మాకు ఎలుగుబంట్లు. జీడి, పనస కాలంలో తోటల్లోనే ఉంటాయి. ఎలుగుకు చూపు సరిగా ఆనదు, తిండి మీద ఉన్నప్పుడు చెవి కూడా పెట్టదు. దగ్గరికి వెళ్లేదాకా మనల్ని చూడదు, చూశాక బెదిరి మీద పడిపోతుంది. అందుకే తెల్లవారుజామున జీడిపిక్కలు ఏరడానికి ఒక్కరే వెళ్లొద్దని మా అమ్మ అందరికీ చెబుతుంది. ముగ్గురు నలుగురు కలిసి గట్టిగా మాట్లాడుకుంటూ, కర్రతో చెట్లు తడుతూ వెళ్లాలి. ఒకరి మొహం పోయింది మా వీధిలో. ఆయన ఇప్పుడు పిల్లలకు ఇదే చెబుతుంటాడు. పళ్లు కుళ్లబెట్టి ఊరి పక్కన పారబోయడం కూడా మానేశాం.

---

హోసూరు_అక్క | నవంబరు 11, ఉదయం 10:15

మేం హోసూరు దగ్గర తెలుగువాళ్లం, నాలుగైదు తరాల నుంచి ఇక్కడే. మీ వైపు వచ్చిన ఏనుగుల తాత ముత్తాతలు మా మీదుగానే వచ్చాయి తమ్ముడూ. మాకు ఏటా రాగి కోతలప్పుడు, అక్టోబరు నుంచి ఫిబ్రవరి దాకా, కావేరి అడవుల వైపు నుంచి గుంపులు వస్తాయి.

మగవాళ్లు కంచెల గురించే మాట్లాడుతున్నారు. నేను ఆడవాళ్ల సంగతి చెబుతాను. చీకటితో లేచి బహిర్భూమికి వెళ్లేది, పాలకేంద్రానికి క్యాను మోసేది, ఒంటరిగా మేకలు తోలుకొచ్చేది మేమే. మా ఊళ్లో ఇంటింటికీ మరుగుదొడ్డి వాడకం పెరిగాక పొద్దున పూట ప్రమాదాలు తగ్గాయి. పాల సేకరణను అరగంట ఆలస్యం చేయమని పాలకేంద్రం వాళ్లను అడిగాం, ఒప్పుకున్నారు. ఇంత చిన్న మార్పు కోసం రెండేళ్లు ఎవరూ అడగలేదంటే ఆశ్చర్యం.

నీళ్లు కట్టడం ఇంకో సంగతి. మోటారుకు కరెంటు రాత్రి ఇస్తే రైతు రాత్రే పొలానికి పోవాలి. పగలిస్తే ఏనుగు వేళకు మనిషి ఇంట్లో ఉంటాడు. మీ ఊరి వాళ్లంతా కలిసి వెళ్లి దీన్ని గట్టిగా అడగండి. ఇంట్లో నాటుసారా, బెల్లం ఊట, ఉప్పు బస్తాలు అడవి వైపు గదిలో పెట్టొద్దు. ఆ వాసనకు గోడ పగలగొడతాయి.

మీ నాయన గారికి ఒక్కటి చెప్పు. గున్న ఉన్న గుంపు దగ్గర టపాకాయ కాల్చకూడదు. మామూలుగా పక్కకు పోయే తల్లి, గున్న బెదిరితే ఎదురు తిరుగుతుంది.

---

త్సావో_తెలుగు | నవంబరు 11, రాత్రి 11:50

కెన్యాలో ఉంటున్నాను. ఇక్కడ త్సావో పార్కు పక్కన సగల్లా గ్రామాల్లో తేనెటీగల కంచె చూసి వచ్చాను. పొలం చుట్టూ పది మీటర్లకొక తేనెపెట్టె, అన్నిటినీ ఒకే తీగతో కలుపుతారు. ఏనుగు తీగను నెడితే పెట్టెలు ఊగి ఈగలు లేస్తాయి. తొండం లోపల, కళ్ల చుట్టూ కుడతాయని ఏనుగుకు భయం. పైగా రైతుకు తేనె మిగులుతుంది. తొమ్మిదేళ్లు లెక్క తీస్తే వచ్చిన ఏనుగుల్లో దాదాపు నాలుగింట మూడు వంతులు వెనక్కి పోయాయి. కరువొచ్చి పూలు లేక ఈగలు ఎగిరిపోతే మాత్రం కంచె ఖాళీ అవుతుంది.

మన దేశంలో 2021లో ఖాదీ కమిషన్ వాళ్లు కొడగులో ఇలాంటిదే మొదలుపెట్టారు. మన దగ్గర పెట్టెల్లో పెంచే ఈగ ఆఫ్రికా ఈగ అంత కోపిష్ఠిది కాదు, కాబట్టి ఇక్కడి ఫలితమే అక్కడా వస్తుందని చెప్పను. రెండు మూడు పెట్టెలతో మొదలుపెట్టి చూడండి. మామిడి పూతకు ఎలాగూ మంచిదే.

---

రైతు_మొదట | నవంబరు 12, ఉదయం 6:40

అన్నీ చదివాను. తీగ వద్దని నేనూ ఒప్పుకుంటున్నాను. మా మేనమామ పోయింది కూడా చీకట్లో, తెలియక ఎదురుపడే.

కానీ నష్టపరిహారం సంగతి వదిలేయకండి. పంట పోయినప్పుడు ఫొటోలు తీసి, కాగితం రాసి, ఆఫీసు చుట్టూ తిరిగి, ఆ డబ్బు వచ్చేసరికి నాకు ఇంకో పంట కూడా పోయింది. వచ్చిన డబ్బు కూలీలకే చాలలేదు. కాయలు పోతే లెక్క ఒకటి, నాలుగేళ్ల చెట్టు పోతే లెక్క ఇంకొకటి ఉండాలి. చెట్టు పోతే రాబోయే ఇరవై ఏళ్ల కాపు పోయినట్టే. రైతుకు ఆ డబ్బు పదిహేను రోజుల్లో చేతికొస్తే తీగ చుట్ట కొనడానికి అంగడికి పోడు. ఏనుగును కాపాడాలనేవాళ్లు మా తరఫున ఈ మాట కూడా అంతే గట్టిగా అడగాలి.

---

పశువుల_డాక్టరు | నవంబరు 12, మధ్యాహ్నం 1:00

నూటికి నూరుపాళ్లు మీతో ఏకీభవిస్తాను. కౌండిన్య_మిట్ట, విరిగిన చెట్లు తీసేయకముందే ఒక్కో చెట్టు ఫొటో, అడుగుల గుర్తుల ఫొటో, పక్కన స్కేలో చెప్పో పెట్టి తీయండి. అటవీ శాఖ బీటు ఆఫీసర్‌కు అర్జీ ఇచ్చి రసీదు తీసుకోండి. రైతు సేవా కేంద్రంలో పంట నమోదు అయి ఉందో లేదో చూడండి. అర్జీ రాయడం రాని ఇరుగుపొరుగు వాళ్లకు ఊళ్లో చదువుకున్న పిల్లలు రాసిపెట్టాలి. అవసరమైతే నమూనా నేను రాసి ఇక్కడ పెడతాను.

---

కౌండిన్య_మిట్ట | డిసెంబరు 7, రాత్రి 8:30

ఆలస్యంగా రాస్తున్నాను, క్షమించండి. నాలుగు వారాల్లో చాలా జరిగింది.

లైన్‌మన్ అన్న రాసింది చిన్నాన్నకు చదివి వినిపించాను. తోడల్లుడి దగ్గర ఆయన "ఇంక చాలు" అన్నాడు. తీగ చుట్ట అటక మీదికి వెళ్లింది. దాంతో వచ్చే ఏడు చిక్కుడు పందిరి వేస్తాడట.

తర్వాతి ఆదివారం రచ్చబండ దగ్గర కూర్చున్నాం. గొర్రెలు కాసే తాత నేల మీద పుల్లతో గీసి చూపించాడు: కొండ, రెండు వంకలు, కుంట, గుంపు దిగే మూడు దారులు. పొలాలన్నీ చుట్టి రావడం ఆపేసి, ఆ మూడు దారుల్నే చూస్తున్నాం. పాత గ్రూపు వదిలేసి కొత్తది పెట్టాం. దానికి నియమాలు తక్కువే. కళ్లతో చూసినవాళ్లే రాయాలి. ఎక్కడ, ఎన్ని, గున్న ఉందా, ఎటు పోతున్నాయి, ఎన్ని గంటలకు, ఇంతే. వీడియో పెట్టకూడదు. ఫోన్ లేని ఇళ్లకు గుడి మైకులో చెబుతాం. మొదటి వారం ఎవరూ రాయలేదు, నాకు నీరసం వచ్చింది. బీటు ఆఫీసర్, ఇద్దరు ట్రాకర్లు గ్రూపులో చేరాక కదలిక వచ్చింది. పక్క మూడు ఊళ్లు కూడా కలిశాయి.

మొన్న బుధవారం సాయంత్రం ఆరూ పదికి మెసేజ్ వచ్చింది: "రెండో వంక దగ్గర ఏడు, గున్న ఉంది, కుంట వైపు." రాసింది చిన్నాన్న. అప్పుడే పాలకేంద్రానికి బయల్దేరిన మా అమ్మ, ఇంకో ఇద్దరు ఆడవాళ్లు మైకు విని గుడి అరుగు మీదే ఆగిపోయారు. వాళ్లు నడవాల్సిన దారిలోనే ఇరవై నిమిషాల తర్వాత గుంపు దాటింది. నేను బెంగళూరులో ఆఫీసు మెట్ల మీద కూర్చుని ఫోన్ చూస్తున్నాను. అమ్మ ఫోన్ చేసి "ఇంటికొచ్చాను" అనేదాకా లేవలేకపోయాను.

ఆ రాత్రి మా అరటి చెట్లు తొమ్మిది పోయాయి. నాయన కాపలాకు పోలేదు. పొద్దున వెళ్లి మళ్లీ అడుగులు చూశాడు, అవే ఏడు అంటున్నాడు.

అర్జీలు ఊరి మొత్తానివి పద్నాలుగు రాసి ఇచ్చాం, రసీదులు ఉన్నాయి. డబ్బు ఇంకా రాలేదు. పగటి కరెంటు గురించి సంతకాలు పెట్టించాం, అక్క చెప్పినట్టు పాలకేంద్రం వాళ్లను కూడా అడిగాం, వచ్చే నెల నుంచి పొద్దున ఆరున్నరకు మారుస్తామన్నారు.

వాల్పారై అన్నా, ఆ ఎర్ర లైటు గురించి అడగాలి. గుడి వెనక గుండు మీద పెడితే మూడు ఊళ్లకు కనిపిస్తుంది. స్తంభం మేం నిలబెట్టుకోగలం. మిగతావి ఎక్కడ దొరుకుతాయి, ఎంతవుతుంది?

---

వాల్పారై_టీతోట | డిసెంబరు 7, రాత్రి 9:05

అమ్మ గారు క్షేమం అని చదివి కళ్లు తడిశాయి తమ్ముడూ. సంక్రాంతికి మదనపల్లె వస్తున్నాను. ఒక రోజు మీ ఊరికి వస్తాను, గుండు ఎక్కి చూసి లైటు ఎటు తిప్పాలో అక్కడే తేలుద్దాం. ఆలోపు ఒక పని చెయ్యి, ఆ లైటుకు మిస్డ్ కాల్ ఇచ్చే ఇద్దరిని ఎంచు. రాత్రి ఫోన్ ఆఫ్ చేయని వాళ్లై ఉండాలి.

---

కౌండిన్య_మిట్ట | డిసెంబరు 7, రాత్రి 9:20

ఒకరు చిన్నాన్న, ఇప్పుడే ఫోన్ చేసి అడిగాను, సరే అన్నాడు. రెండోది పాలకేంద్రం అక్క.